విద్యా ఋణము – ఋణ విముక్తి : అమెరికా దేశపు అనుభవము

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించినప్పుడు అమెరికాలో పుట్టిన కలవరము రక్షణ శాఖతో ఆగిపోలేదు. విద్యాలయముల వరకు ప్రాకినది. గణితము, విజ్ఞాన శాస్త్రములు, విదేశ భాషలు నేర్చినవారు దేశమునకు చాలరను భయముతో మరుసటి సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన అధ్యక్షుడు ఐసన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యా చట్టముపై సంతకము చేసెను. నేడు ఆ దేశమును రెండు పక్షములుగా చీల్చిన విద్యార్థి ఋణ వివాదమునకు మూలము ఆ చట్టముననే కలదు.

అంతకు పూర్వము, 1944 నాటి శాసనము ననుసరించి, యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకు ప్రభుత్వము తన ఖర్చుతో చదువు చెప్పించినది. 1958లో సైతము తొలుత తలపెట్టినవి విద్యార్థి వేతనములే. ప్రతినిధుల సభ వానిని తొలగించి, ఉచితముగా నిచ్చుటకంటె అప్పుగా నిచ్చుటయే మేలని నిశ్చయించినది. వడ్డీ సాలుకు నూటికి 3 డాలర్లు. చదువు ముగిసిన ఏడాదికి చెల్లింపు ప్రారంభమై, పదేండ్లలో తీరవలెను. కాని ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడైనవానికి ఏటేట పదవ వంతు చొప్పున, సగము వరకు, అప్పు కొట్టివేయబడును. కావున ఋణమాఫీ నేటి రాజకీయ నాయకుల సృష్టి యనుట సరికాదు. అది ఋణముతో కవలగా పుట్టినది.

ఈ పద్ధతి మన దేశమునకు అపరిచితము కాదు. 1963లో భారత ప్రభుత్వము ప్రతిభగల పేద విద్యార్థులకై నెలకొల్పిన జాతీయ ఋణ విద్యార్థి వేతన పథకమునందును, ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించినవారికి ఏటికి పదవ వంతు మినహాయింపు ఉండెను.

అమెరికాలో 1965 నాటి ఉన్నత విద్యా చట్టముతో బ్యాంకులు రంగమున ప్రవేశించినవి. అప్పు బ్యాంకుది, పూచీ ప్రభుత్వముది. రానురాను రాష్ట్రములు తమ కళాశాలల కిచ్చు సహాయము సన్నగిల్లి, ఫీజుల బరువు విద్యార్థి మీదికి జరిగెను. మరొక వంక దివాలా చట్టపు తలుపులు మూసుకొనెను. 1976లో చెల్లింపు కాలపు తొలి ఐదేండ్ల వరకు, 1990లో ఏడేండ్ల వరకు, 1998లో శాశ్వతముగా ఆ రక్షణ తొలగింపబడినది. భరింపరాని కష్టమును న్యాయస్థానమున రుజువు చేయగలవారికి మాత్రమే మినహాయింపు మిగిలినది. వ్యాపారమున నష్టపోయినవాడు దివాలా తీసి బయటపడవచ్చును. చదివి నష్టపోయినవానికి ఆ దారి దాదాపు లేదు! వివాదమునకు అసలు వేడి ఇచటనే పుట్టినదని చెప్పవలెను.

2007లో ప్రజాసేవకుల ఋణ విముక్తి పథకము వచ్చినది. ప్రభుత్వోద్యోగులు మొదలగువారు 120 నెలసరి వాయిదాలు చెల్లించినచో మిగిలిన అప్పు రద్దగును. ఉద్దేశము 1958 నాటిదే. కాని తొలి సంవత్సరములలో వచ్చిన దరఖాస్తులలో అత్యధిక భాగము తిరస్కరింపబడినది: అప్పు ఆ తరగతిది కాదనియు, వాయిదా పద్ధతి వేరనియు అభ్యంతరములు! దస్త్రము కదలనిచో చట్టమున కేమి గతి పట్టునో సచివాలయముల వారికి వేరుగా చెప్ప నక్కరలేదు.

2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్, పరిమిత ఆదాయము గలవారికి 10,000 డాలర్ల వరకును, పేద విద్యార్థుల కిచ్చు పెల్ గ్రాంటు పొందినవారికి 20,000 వరకును మాఫీ ప్రకటించెను. అంచనా వ్యయము సుమారు 40,000 కోట్ల డాలర్లు. కళాశాల గడప తొక్కని కార్మికుడు పట్టభద్రుని అప్పు నేల తీర్చవలెనని ఒకరు. అసలును మించి చెల్లించియు వడ్డీ కారణముగా ఋణగ్రస్తులైయున్న వారి మాట యేమని వేరొకరు. రెండు ప్రశ్నలును కొట్టివేయదగినవి కావు. అయితే 2023 జూన్ 30న సుప్రీంకోర్టు ఈ తగవును తీర్చలేదు. 2003 నాటి చట్టము ఇంతటి అధికారము నీయలేదని మాత్రము ఆరుగురు న్యాయమూర్తులు చెప్పిరి, ముగ్గురు విభేదించిరి.

ఈ వార్తలు చదివి, అమెరికాలో బిడ్డలున్న తెలుగు తల్లిదండ్రులలో కొంద రాశపడియుందురు. ఆ మాఫీ అచటి సమాఖ్య ప్రభుత్వ ఋణములకు సంబంధించినది. విద్యార్థి వీసాపై వెళ్లినవారు వానికి అర్హులు కారు. ఇంటి దస్తావేజులు తాకట్టు పెట్టి ఇచటి బ్యాంకులో తెచ్చిన అప్పు ఆ పథకముల పరిధిలోనికి రాదు.