పీపా వెనుక పనిముట్లు

తెలుగులో ‘పీపా’ అనే మాట పోర్చుగీసు భాషనుండి వచ్చినది. ఆ భాషలో అది ద్రాక్షసారాను నిలువచేసే పెద్ద కొయ్యపాత్రకు పేరు. ఓడలతో ఆ వస్తువూ, వస్తువుతో ఆ పేరూ మన తీరాలకు చేరినవి. పేరు మనకు ఇంటిమాట అయినదిగాని, ఆ పాత్రను కట్టిన చేతుల చరిత్ర మనకు అంతగా పరిచితం కాదు.

క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమను రచయిత ప్లినీ, ఆల్ప్స్ పర్వతప్రాంతాలవారు ద్రాక్షసారాను కొయ్యపాత్రలలో దాచుకొంటారని వ్రాసినాడు. మధ్యధరా తీరంలో మట్టిజాడీలు విరివిగా వాడుకలోవున్న కాలమది. క్రమంగా పీపా యూరపు వర్తకానికి ఆధారమైనది. లండనులోని పీపాపనివారి సంఘానికి 1501లో రాజశాసనం లభించినది.

ఈ పనిలో పలకను పలకతో కలపడానికి జిగురుగాని మేకుగాని వాడరు. ఓక్ దుంగను పోగువెంట చీల్చి, ఏండ్ల తరబడి గాలికి ఆరనిస్తారు. గొడ్డలితో చెక్కిన పలకను రెండు పిడుల కత్తితో వెలుపల గుబ్బగాను, వంపుకత్తితో లోపల పల్లంగాను తీరుస్తారు. అంచుల వాలు తీర్చే చిత్రిక మనిషి నిలువంత వుంటుంది. మన వడ్రంగి చిత్రిక కొయ్యమీద నడుస్తుంది. ఇక్కడ చిత్రిక కదలదు, కొయ్యయే దాని మీద నడుస్తుంది. ఆ వాలుకు కన్నే కొలత. పిమ్మట పలకలను వలయంలో నిలిపి, నడుమ నిప్పుపెట్టి, వేడికి మెత్తబడిన కొయ్యను వంచి, కట్లు బిగిస్తారు. పొట్టిపిడి బాడిశతో అంచు చెక్కి, మూత కూర్చోవడానికి లోపల గాడి తీస్తారు. ఆ గాడి చుట్టూ సరిగా ఆరు అడుగులలో తిరిగివచ్చేటట్లు వృత్తలేఖినిని సవరించుకొంటే, మూతకు కావలసిన వ్యాసార్ధం దొరుకుతుంది. క్షేత్రగణితం చదవనివారికీ ఈ సూత్రం చేతివాటంగా తెలుసు.

ఈ పనిముట్లకు రాజ్యాల తగవులోనూ పాలు వున్నది. 1587లో ఇంగ్లీషు నావికుడు డ్రేక్ కాడిజ్ రేవుపై దాడిచేసిన యాత్రలోనే, స్పెయిను నౌకాదళానికి చేరవలసిన ఎండిన పీపాపలకలను పెద్దయెత్తున తగులబెట్టించినాడు. 1588లో బయలుదేరిన ఆర్మడా పచ్చికొయ్య పీపాలపై ఆధారపడవలసివచ్చి, వాటిలో నీరు కారిపోయి, ఆహారం చెడిపోయినదని చరిత్రకారులు చెప్పుతారు. ఆరని కొయ్యను ఎంత మంచి పనివాడైనా నిలకడగల పాత్రగా చేయజాలడు.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో యంత్రాలు, 20వ శతాబ్దిలో లోహపాత్రలు ఈ పనిని చాలవరకు హరించినవి. స్కాట్లండు విస్కీకి, ఫ్రెంచి ద్రాక్షసారాకు ఓక్ పీపా నేటికీ కావలెను గనుక వృత్తి అంతరించలేదు. అయితే కంటికొలత యంత్రానికి అప్పగించినచోట, దానిని తెలిపే మాటలు కూడా వాడుకనుండి జారిపోతాయి. చేతిపనుల చరిత్ర వ్రాయదలచినవారు పనిముట్ల పేర్లను, వాటిని పట్టినవారు జీవించివుండగానే సేకరించవలసి వుండడానికి కారణమిదే.