ఇంజన్ మారిస్తే చరిత్ర పోతుందా?

కోవూరులో మా మామయ్య దగ్గర 1965 నాటి మహీంద్రా జీపుంది. దాన్ని బాగుచేయించి రోజూ తిరగాలనీ, మైపాడు బీచిలో టెంటేసుకోవాలనీ నా ప్లాను. "వింటేజ్ కింద రిజిస్టర్ చేయించు" అన్నాడో ఫ్రెండు. 2021 రూల్స్ చూశా. బండికి 50 ఏళ్ళు దాటాలి, ఇంజనూ ఛాసిస్సూ బాడీ పెద్దగా మార్చి ఉండకూడదు. పైగా ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజూ నడపకూడదట! మామయ్య జీపులో పెట్రోలింజన్ ఎప్పుడో పోయి డీజిలొచ్చింది, ఆర్సీలో కూడా ఎక్కించారు.

అసలీ జీపు చరిత్రంతా మార్పులే కదండీ. అమెరికా విల్లీస్ విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడంతో మొదలైంది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా పుట్టిన కంపెనీ, గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళాక 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. తర్వాత కంపెనీయే జీపులకి డీజిల్ ఇంజన్లు పెట్టింది.

అందుకే నాకు వింటేజ్ ప్లేటొద్దు. బ్రేకులూ వైరింగూ కొత్తవి వేయిస్తా, డీజిలింజన్ అలాగే ఉంచుతా. అదీ చరిత్రే. మీరేమంటారు?