వృద్ధభృతి – యోగ్యతావిచారము

ఆంగ్లదేశమున 1834వ సంవత్సరపు దరిద్రపోషణశాసనము పేదకు అన్నము పెట్టినది, సిగ్గుపఱచి పెట్టినది. సాయము కోరిన ఆలుమగలను పనియిండ్లలో వేఱుచేసి యుంచిరి. సాయము పొందువాని బ్రతుకు వెలుపలి కడగొట్టు కూలివాని బ్రతుకుకంటె హీనముగా నుండవలెనఁట! ఆనాఁటి పెద్దలకు న్యాయమనఁగా నిది.

1908లో డెబ్బదియేండ్లు నిండిన పేదలకు వారమునకు 5 షిల్లింగులవఱకు భృతి నిచ్చుటకు శాసనమైనది. ముసలివారు దానిని తపాలాకచేరిలోనే పుచ్చుకొనిరి. పనియింటి గడప త్రొక్కనక్కఱలేకపోయెను. ఇది యెంత గౌరవమో పేదవారికే తెలియును. అయినను శక్తియుండియు పనిచేయక తిరిగినవారికి భృతి లేదు. చెఱనుండి వచ్చినవారికి పదియేండ్లవఱకు లేదు. పెట్టెడి చేయి యోగ్యతను విచారించుట మానలేదు.

స్వీడనువారు 1913లో వేఱుత్రోవ పట్టిరి. ధనికుఁడు, కూలివాఁడు అను భేదము లేక ఇంచుమించు ప్రజలందఱిని చందాదారులుగాఁ జేర్చిరి. తాను గూడఁ గట్టిన నిధినుండి తీసికొనుట తలవంపు కాదు గదా! పురుషుఁడు కట్టినంతయుఁ గట్టిన స్త్రీకి మాత్రము అతనికంటెఁ దక్కువ భృతియే లెక్కగట్టిరి.