సి.ఇ.టి. సాధన: కె.ఆర్.పురం తెలుగు విద్యార్థులకు కొన్ని వివరములు

చిత్తూరు, కోలారు ప్రాంతముల నుండి వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, ద్వితీయ పి.యు.సి. చదివే బిడ్డ ఉన్న ఇంట మూడు పరీక్షల ప్రస్తావన వినవస్తుంది: కర్ణాటక సి.ఇ.టి., ఆంధ్ర ఈఏపీసెట్, జేఈఈ మెయిన్. పాఠ్యాంశములు చాలావరకు ఒకటే గనుక మూడింటికీ ఒకే సాధన చాలునని పలువురి అభిప్రాయం. నేను దీనితో ఏకీభవించను.

కర్ణాటక పరీక్షా ప్రాధికారం నిర్వహించే సి.ఇ.టి.లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రములకు వేర్వేరు పేపర్లు. ఒక్కొక్కటి 60 ప్రశ్నలు, 60 మార్కులు, 80 నిమిషములు. అనగా ప్రశ్నకు 80 సెకనులు. ఓఎంఆర్ పత్రంపై వృత్తము నింపుట కూడా అందులోనే జరగాలి. ఈఏపీసెట్‌లో మూడు గంటలలో 160 ప్రశ్నలకు కంప్యూటరుపై జవాబివ్వాలి.

అసలు చిక్కు ఋణాత్మక మార్కులది. జేఈఈలో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఆ శిక్షణకు అలవాటుపడిన విద్యార్థి తెలియని ప్రశ్నను వదలివేస్తాడు. సి.ఇ.టి.లో ఆ కోత లేదు. పన్నెండు ప్రశ్నలు ఖాళీగా విడిచినవాడు, ఊరక గుర్తించినా సగటున వచ్చే మూడు మార్కులను పోగొట్టుకొన్నట్లే. ఇంజనీరింగు ర్యాంకులో పి.యు.సి. మార్కులకు సగం, సి.ఇ.టి.కి సగం పాలు. మూడు సబ్జెక్టులకు అక్కడ 300, ఇక్కడ 180 మార్కులు కావున సి.ఇ.టి.లోని మూడు మార్కులు పి.యు.సి.లోని ఐదింటికి సమానం! అట్లని బోర్డు పరీక్షను అశ్రద్ధ చేయుట ఇంకొక పొరపాటు. సగం ర్యాంకు అక్కడే తేలుతుంది.

చదివినదే మరల చదువుట సాధన కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అను మనోవిజ్ఞానులు ప్రకటించిన పరిశోధనలో, పాఠమును మరల చదివినవారు ఐదు నిమిషాల తరువాత ముందున్నారు. వారము గడచిన పిదప, చూడక గుర్తుతెచ్చుకొని వ్రాసినవారే మిన్నగా నిలిచారు. కావున వారానికి ఒక పాత పేపరును గడియారం ముందుంచుకొని, పెన్నుతో ఓఎంఆర్ నమూనాపై వ్రాయించండి. వృత్తములన్నీ చివరి ఐదు నిమిషాలకు దాచుకొనే అలవాటు మాన్పించండి. వ్రాసిన మరునాడు ప్రతి తప్పు పక్కన కారణము వ్రాయాలి: తెలియకనా, తొందరలోనా, గుణకారములోనా? విద్యార్థులు విసుగుకొనేది ఈ పనికే; మార్కులు పెరిగేదీ ఇక్కడే.

పాత పేపర్లలో ఇప్పుడు పాఠ్యప్రణాళికలో లేని అధ్యాయముల ప్రశ్నలుంటాయి. 2024 సి.ఇ.టి.లోనే అట్టివి వచ్చి, 50 ప్రశ్నలను మూల్యాంకనము నుండి తొలగించవలసివచ్చింది. ముందుగా ప్రస్తుత సిలబస్‌తో సరిచూచి అట్టివి కొట్టివేయండి.

భాష గురించి ఒక మాట. ప్రశ్నపత్రము ఇంగ్లీషు, కన్నడములలో మాత్రమే ఉంటుంది. మనము త్వరణం అనేదానిని కన్నడంలో వేగోత్కర్ష అంటారు. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన పిల్లలు ఇట్టి పదముల పట్టికను మూడు భాషలలో తామే వ్రాసుకొని, మాదిరి పరీక్షలన్నిటినీ ఇంగ్లీషు పేపరుతోనే చేయుట మేలు.