కోయంబత్తూరు, మధుర పట్టణములలో పాల పరీక్ష

విశ్వనాథ నాయకుడు మధురలో రాజ్యము నెలకొల్పిన 1529 ప్రాంతమునకు ముందును, పిమ్మటను తెలుగు కుటుంబములు వైగై తీరమునను, కొంగునాటి నల్లరేగడి నేలలందును స్థిరపడెను. కమ్మవారు ప్రత్తి సేద్యమునను, రాజకంబళమువారు పశుపోషణమునను పేరుగాంచిరి. పాడి యింటిలోనిదే గనుక పాల మంచిచెడ్డలు పితికిన యిల్లాలికి తెలిసియుండెడివి. 1866లో రెండు పట్టణములకును పురపాలక సంఘము లేర్పడెను. 1888లో కోయంబత్తూరున మొదటి నూలుమిల్లు వెలసెను. కూలికి వచ్చినవారు పాలు కొని త్రాగవలసివచ్చెను. ఆ పాలు ఏ కొట్టమునుండి వచ్చినవో వారెరుగరు.

కల్తీ నివారణకై మద్రాసు రాష్ట్రమున 1918లో ఒక చట్టమును, ఆహార నియంత్రణముతో గూడిన ప్రజారోగ్య చట్టము 1939లోను వచ్చెను. 1954 నాటి కేంద్ర చట్టము 1955 జూను 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆరోగ్యశాఖ యనగా ఇన్‌స్పెక్టరే జ్ఞప్తికి వచ్చును గాని, వీధులను శుభ్రపరచినవారిలో తెలుగు మాటలాడు అరుంధతీయులు అనేకులు. వారి శ్రమను చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు.

ఇన్‌స్పెక్టరు చేతి పరికరము లాక్టోమీటరు. నీరు కలిసిన పాలు పలుచనై అది లోతుగా మునుగును. మీగడ తీసిన పాల సాంద్రత పెరుగును. ముందు మీగడ తీసి, పిదప తగినంత నీరు పోసినచో సూచిక మొదటి చోటికే వచ్చి నిలుచును. ఈ కిటుకు తెలిసిన వర్తకుడు తప్పించుకొనును. తెలియక చెంబెడు నీళ్ళు పోసిన పేదరాలు పట్టుబడును. అందుచేతనే గెర్బరు పద్ధతి అవసరమయ్యెను: గంధకామ్లముతో మాంసకృత్తులను కరగించి, గొట్టమును వడిగా త్రిప్పి, తేలిన వెన్నను కొలుతురు. అదియు ఒంటిగా చాలదు. గేదెపాలలో వెన్న నూటికి ఆరేడు పాళ్ళు, ఆవుపాలలో నాలుగునకు అటునిటు. నీరు పోసిన గేదెపాలను ఆవుపాలని అమ్మినచో వెన్న లెక్క సరిపోవచ్చును. తక్కిన ఘనపదార్థముల లెక్కయే మోసమును బయటపెట్టును.

చట్టప్రకారము తీసిన నమూనాను పంచి, సీసాలకు ముద్రవేసి, ఒక భాగమును ప్రభుత్వ విశ్లేషకునికి పంపెడివారు. దారిలో విరిగిపోకుండుటకై ఫార్మలిను చుక్కలు వేసెడివారు. ఫార్మలిను క్రిములను చంపును గనుక ఆ సీసాలో నీటి లెక్క తెలియునే గాని, పాలు ఎంత మురికి చేతులమీదుగా వచ్చినవో తెలియదు. పసిపిల్లల అతిసారమునకు కారణమైనది ఆ మురికియే. మన యిండ్లలో పాలను పొంగువరకు కాచు అలవాటు చట్టముకంటె ఎక్కువ ప్రాణములను కాపాడియుండును.

అయితే కాచినను పోని దోషమొకటి కలదు. 1960లో ఇంగ్లండున బూజుపట్టిన వేరుసెనగ పిండి తిని వేలకొలది టర్కీకోళ్ళు చచ్చెను. ఆ విషమునకు అఫ్లటాక్సిను అని పేరిడిరి. పశువు దానిని తిన్నచో కొంత భాగము రూపుమారి పాలలోనికి దిగును. 2006 నాటి ఆహార భద్రత చట్టము 2011 ఆగస్టునుండి అమలైన పిదప, కేంద్ర ప్రాధికార సంస్థ 2018లో దేశమంతట 6,432 నమూనాలను పరీక్షించెను. హానికర కల్తీ దొరికినవి 12 మాత్రమే. అఫ్లటాక్సిను మితిమీరినవి 368. తమిళనాడున 551 నమూనాలకు 88 అట్టివి. ఏ రాష్ట్రమునందును అన్ని దొరకలేదు. ఇది రాష్ట్రమునకంతటికి సంబంధించిన లెక్క, ఈ రెండు పట్టణములకు వేరుగా తీసినది కాదు. అయినను ప్రత్తిగింజలు, వేరుసెనగ చెక్క మేపు పాడివారు దీనిని తమ విషయముగనే చదువుకొనవలెను.

కోయంబత్తూరునను, మధురయందును నేడు ప్రభుత్వ ఆహార విశ్లేషణశాలలు కలవు. అవి సీసాలోని పాలను చూచును. గిడ్డంగిలో తేమ పీల్చిన చెక్క బస్తాను చూడవు. బూజుపట్టిన మేత మాన్పించినచో కొన్ని దినములలోనే పాలలోని ఆ విషము తగ్గిపోవును.