లెక్కకు రాని గంటలు

పుణెలో ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే, 2024 జూలైలో, 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ మరణించింది. పనిభారమే కారణమంటూ ఆమె తల్లి రాసిన లేఖను సెప్టెంబరులో దేశమంతా చదివింది. సంస్థ ఆ ఆరోపణను అంగీకరించలేదు. అయితే తనిఖీకి వెళ్లిన మహారాష్ట్ర కార్మిక శాఖ మరొక సంగతి బయటపెట్టింది. 2007 నుంచి నడుస్తున్న ఆ కార్యాలయానికి షాపుల చట్టం కింద రిజిస్ట్రేషనే లేదని అధికారి చెప్పారు. రోజుకు 9, వారానికి 48 గంటల పరిమితి విధించిన చట్టం అదే. వారానికి 70 గంటలా, 90 గంటలా అన్న వాదోపవాదాల్లో, అసలు ఆ గంటలను లెక్కపెట్టేదెవరన్న ప్రశ్న మరుగున పడిపోయింది.

విచిత్రమేమంటే, ఈ లెక్క కోసం తొలి పోరాటాల్లో ఒకటి జరిగింది ఆ రాష్ట్రంలోనే. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల తరఫున, ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే సుమారు 5,500 సంతకాలతో వినతిపత్రం సమర్పించాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ఉదయం ఆరున్నర నుంచి సూర్యాస్తమయం వరకే పని. ఇవీ ఆయన కోరినవి. వారపు సెలవు 1890లో దక్కింది.

సూర్యాస్తమయం అన్న మాట గమనించదగ్గది. అప్పటికి పనిదినానికి ఉన్న ఏకైక హద్దు వెలుతురు. 1905 నాటికి మిల్లుల్లో విద్యుద్దీపాలు వచ్చాయి, ఆ హద్దు చెరిగిపోయింది. పనిదినం 14, 15 గంటలకు సాగింది, కార్మికులు తిరగబడ్డారు. విచారణకు కమిషన్ వేశారు. వయోజన పురుషుల పనిగంటలకు చట్టం నేరుగా హద్దు పెట్టనవసరం లేదని అందులో అధిక సంఖ్యాకులు తేల్చితే, మద్రాసు డాక్టర్ టి.ఎం. నాయర్ విభేదిస్తూ వేరుగా తన అభిప్రాయం రాశారు. చివరికి 1911 చట్టం జౌళి మిల్లుల్లో పురుషులకు 12 గంటల పరిమితి పెట్టింది. ఆపై వారానికి 60 గంటలు (1922), 54 (1934), 48 (1946). నేటి ల్యాప్‌టాప్ ఆనాటి విద్యుద్దీపం వంటిదే. కాకపోతే దీపాన్ని మిల్లు గేటు బయటి నుంచి కూడా చూడగలిగేవారు.

మిల్లుకు సైరన్ ఉంది, హాజరుపట్టీ ఉంది, తనిఖీ అధికారి ఉన్నాడు. కార్యాలయాల కోసం బొంబాయి 1939లోనే షాపుల చట్టం తెచ్చింది, 1948లో దాన్ని తిరగరాసింది. కానీ వృత్తినిపుణుల దగ్గరకు వచ్చేసరికి చట్టం తడబడింది. డాక్టరు క్లినిక్ ఈ చట్టం కింద 'వాణిజ్య సంస్థ' కాదని 1968లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వ్యక్తిగత నైపుణ్యం మీద నడిచే వృత్తి వేరు, వ్యాపారం వేరు అన్నది అందులోని తర్కం. వైద్యుడి గౌరవానికి అది సబబే కావచ్చు; ఆయన దగ్గర జీతానికి పనిచేసే మనిషి గంటల సంగతేమిటి? మహారాష్ట్ర 1977లో చట్టాన్ని సవరించి న్యాయవాదులు, వైద్యులు, అకౌంటెంట్లు, ఆర్కిటెక్టుల కార్యాలయాలను అందులో చేర్చింది. 2017 నాటి కొత్త చట్టం మళ్లీ పదిమంది లోపు పనిచేసే చోట్లను, మేనేజర్, సూపర్‌వైజర్ స్థాయి ఉద్యోగులను పరిధి నుంచి తప్పించింది. కన్సల్టింగ్ రంగంలో కొన్నేళ్ల అనుభవానికే 'మేనేజర్' హోదా చేతికొస్తుంది. జీతంతో పాటు అదీ ఒక బహుమానమే!

మా వృత్తి సంగతీ చెప్పాలి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నాలుగు వారాలకు 144 పనిగంటలు మించకూడదంది. నేను పనిచేసిన న్యూస్‌రూముల్లో ఆ లెక్క రాసిన పుస్తకం ఒక్కటీ నా కంటపడలేదు. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం ఇదే 144 అంకెను మరోచోట రాసింది. మూడు నెలల్లో చేయించుకోదగిన ఓవర్‌టైమ్ 125 గంటల నుంచి అంతకు పెరిగింది. పనిదినం 9 గంటల నుంచి 10కి చేరింది.

ఇక సగటు. పాత జాతీయ నమూనా సర్వేలు గంటలను కాక పూటలను లెక్కించేవి. నాలుగు గంటలు దాటి పనిచేస్తే నిండు రోజు, అంతే. పద్నాలుగు గంటలు చేసినవాడికీ అదే ఒక్క రోజు. 2017లో మొదలైన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వేతో గాని, గడచిన వారంలో ఏ రోజు ఎన్ని గంటలు చేశారని అడగడం ఆరంభం కాలేదు. అడిగేది కార్యాలయంలో కాదు, ఇంటి గుమ్మంలో. ఉద్యోగి ఇంట్లో లేకపోతే, ఆ వేళకు ఉన్న తల్లో, భార్యో, భర్తో చెప్పిన జవాబే ఆ ఉద్యోగి పనిగంటల కింద నమోదవుతుంది.