లిండౌ – మూడు దేశాల నడుమ సరస్సు పట్టణం

జర్మనీ దేశపు దక్షిణపు అంచున, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశాలకు చేరువలో లిండౌ అను చిన్న పట్టణం కలదు. దూరాన కుదిరే ఒప్పందాలు సరిహద్దు ప్రజల పాలనను ఎట్లు మార్చునో ఈ పట్టణ చరిత్ర తెలుపుచున్నది.

భౌగోళిక స్వరూపం

పట్టణంలోని ప్రాచీన భాగం కాన్‌స్టాన్స్ సరస్సులోని ఒక దీవిపై ఉన్నది. దీవి వైశాల్యం ఒక చదరపు కిలోమీటరు కూడ లేదు. ఒక వంతెన, ఒక రైలుకట్ట దానిని ఒడ్డుతో కలుపుచున్నవి. సరస్సు వైశాల్యం 536 చదరపు కిలోమీటర్లు. ఆల్ప్స్ పర్వతాల నుండి దిగివచ్చు రైన్ నది ఇందులో ప్రవేశించి పడమటి దిశగా వెలువడును.

ఎగువ సరస్సు నడుమ మూడు దేశాల సరిహద్దు రేఖ ఎక్కడనున్నదో నేటికీ ఒప్పందం కుదరలేదు. అయినను తగవులు పెరుగకుండ చేపల వేటకు 1893లోను, నావల రాకపోకలకు 1973లోను ఒడంబడికలు చేసికొన్నారు.

చరిత్ర

క్రీ.శ. 882 నాటి వ్రాతలో లిండౌ పేరు తొలిసారి కనిపించును. లిండెన్ చెట్ల వలన ఆ పేరు వచ్చినది. పట్టణ చిహ్నంలోను ఆ చెట్టే ఉన్నది. 1275 నుండి ఇది నేరుగా చక్రవర్తికి మాత్రమే లోబడిన స్వతంత్ర నగరం. 16వ శతాబ్దంలో పౌరులు ప్రొటెస్టెంటు మతం స్వీకరించగా, సన్యాసినుల మఠం కేథలిక్కుగానే నిలిచినది. ఆ ఇరువర్గాల చర్చిలు నేటికీ ఒకే చౌకులో పక్కపక్కనే ఉన్నవి.

నెపోలియన్ యుద్ధకాలంలో స్వాతంత్ర్యం పోయి, పట్టణం 1804లో ఆస్ట్రియాకు, 1805 నాటి సంధితో బవేరియాకు చెందినది. 1856లో బవేరియావారు కొత్త రేవు కట్టి, ముఖద్వారాన 33 మీటర్ల దీపస్తంభాన్ని, ఎదురుగా తమ చిహ్నమైన సింహం విగ్రహాన్ని నిలిపిరి.

1945లో జర్మనీ ఓడిన పిదప బవేరియా అమెరికా సైన్యాధీనమైనది. లిండౌ జిల్లాను మాత్రం ఫ్రెంచివారు ఉంచుకొనిరి. జర్మనీలోను, ఆస్ట్రియాలోను తమ ఆధీనంలోనున్న ప్రాంతాలను కలుపుటకు వారికి ఈ దారి అవసరమైనది. ఆ పదేండ్లు బవేరియా సింహం బవేరియా పాలన లేని రేవును కాచినది. 1955 సెప్టెంబరు 1న జిల్లా తిరిగి బవేరియాలో చేరినది.

ఆ కాలంలోనే, ఒంటరియైన జర్మన్ విజ్ఞానశాస్త్రాన్ని ప్రపంచంతో కలుపుటకు ఇద్దరు స్థానిక వైద్యులు పూనుకొనిరి. వారి కృషితో 1951లో నోబెల్ బహుమతి గ్రహీతల సమావేశాలు ఇచ్చట ఆరంభమైనవి. వివిధ దేశాల యువ పరిశోధకులు నేటికీ వాటికి వచ్చుచున్నారు. ఇతరుల ఒప్పందాలతో చేతులు మారిన పట్టణం ఇట్లు తానే లోకాన్ని తన చెంతకు పిలుచుకొన్నది.